పదిహేడు వందల పౌన్ల గోడ

గూల్
6 మే 2023

హేజెల్ అక్కకి,

నీ చెవులకి ఫోను పనికిరాదు, నాకు కంప్యూటరు పడదు. అందుకని చెప్పాల్సిందంతా కడుపులో కుక్కుకుని, ఇక పట్టక ఇవాళ కాగితం ముందు కూర్చున్నాను. వచ్చే మంగళవారం మా రెండు కొట్ల మధ్య తలుపు పీకేసి ఇటుకలతో మూసేస్తున్నారు. మూయిస్తున్నది మీ మరిది క్లైవే.

ఆ తలుపు నీకు తెలుసు. ఇటు నా పూలకొట్టు, అటు వాళ్ల నాన్న నాటి నుంచీ నడుస్తున్న అంత్యక్రియల ఆఫీసు. ముప్ఫై ఒక్క ఏళ్లలో దానికి ఎవరూ గొళ్లెం పెట్టిన పాపాన పోలేదు. నేను ఇటు పూలు కట్టి, భుజంతో తలుపు తోసుకుని వెళ్లి, అటు శవపేటిక మీద పెట్టి వస్తాను. క్లైవ్ టీకి ఇటొస్తాడు. మొగుడు పోయిన ఆడవాళ్లు అటు కూర్చుని గంభీరంగా అన్నీ మాట్లాడుకుని, ఇటొచ్చి నా బల్ల దగ్గర ముక్కు చీదుకుంటారు.

ఎందుకు మూయిస్తున్నాడో వింటే నవ్వుతావు. నాకు నవ్వు రావడం లేదు. కంపెనీ లాభాల మీద కట్టే కార్పొరేషన్ పన్ను ఏప్రిల్ నుంచి మారిందట. ఏడాదికి యాభై వేల పౌన్లు దాటని కంపెనీకి నూటికి పంతొమ్మిదే. దాటితే రేటు ఎక్కుతుంది. క్లైవ్ కంపెనీకి నలభై ఎనిమిది వేలు మిగులుతుంది, నా కొట్టుకి ఇరవై రెండు. విడివిడిగా చూస్తే ఇద్దరం గీతకి లోపలే ఉన్నాం. కానీ మొగుడి కంపెనీ, పెళ్లాం కంపెనీ ఒకదాన్నొకటి ఆనుకుని బతుకుతున్నాయని తేలితే ఆ గీత రెండు ముక్కలై చెరో పాతిక వేలకి దిగిపోతుందట. అప్పుడు క్లైవ్ గీత దాటేస్తాడు.

ఇదంతా చెప్పింది ఆడిటరు పికర్స్‌గిల్. మనిషి వచ్చి వెళ్లాక గంటసేపు అత్తరు కంపు. నేను చేసిన కేకు మూడు ముక్కలు మింగి, ఆ చేత్తోనే తలుపు కొలతలు తీసుకున్నాడు. క్లైవ్‌కి ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. అందులో పదకొండు ప్రశ్నలు. అన్నిటికీ 'లేదు' అని జవాబు వచ్చేలా మేం బతకాలి. ఏడాది చివర, మార్చిలో, నేను కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టాలి.

"తలుపే కదా గేనర్, నిన్నేమన్నా గెంటేస్తున్నానా?" అన్నాడు క్లైవ్.

"కీచుమంటోంది, కాస్త నూనె వెయ్యమని రెండేళ్లు మొత్తుకున్నా, నీకు తీరిక దొరకలేదు. ముయ్యడానికి మాత్రం దొరికింది."

"పన్నుకి తెలియదు కదా మనం మొగుడూ పెళ్లాలమని. దానికి కాగితాలు కావాలి."

ముప్ఫై ఏళ్లు పన్నుల ఆఫీసులో కూర్చున్నదానివి. నిజం చెప్పు, ఇలాంటి చట్టం ఒకటుందా? లేకపోతే ఆ అత్తరుగాడు మమ్మల్ని ఆడిస్తున్నాడా?

నీ చెల్లెలు,
గేనర్


విట్బీ
15 మే 2023

గేనర్‌కి,

చట్టం ఉంది. ఆడించడం లేదు. మొగుడూ పెళ్లాల కంపెనీలని ఊరికే జత కట్టరు. డబ్బులోనో, గిరాకీలోనో, నడిపే తీరులోనో ఒకదాని మీద ఒకటి గట్టిగా ఆధారపడితేనే కడతారు. మీ రెండు కొట్లూ ఆధారపడి లేవని నా ముందు ఎవరైనా అని ఉంటే, టీ కప్పు కింద పెట్టకుండానే కేసు గెలిచేదాన్ని. గూల్‌లో చచ్చినవాడు ప్రతివాడూ నీ పూలు వేసుకునే వెళ్తాడు.

లెక్క కట్టి చూశాను. నాకున్న జబ్బే అది. గీత పాతిక వేలకి దిగితే మరిదిగారు ఏడాదికి అదనంగా కట్టాల్సింది పదిహేడు వందల ఇరవై అయిదు పౌన్లు. నీ కొట్టు పాతిక లోపే కాబట్టి నీకు తేడా ఏమీ లేదు. మేస్త్రీకి ఎంత ఇస్తున్నాడో, ఆడిటరు ఎంత పుచ్చుకుంటున్నాడో నేను అడగను.

అయినా పన్ను తగ్గించుకోవాలని చూడటం నేరం కాదు. నా ఉద్యోగంలో అసలైన దొంగలు వేరే ఉండేవాళ్లు. లేని కూలీలకి జీతాలు రాసినవాళ్లు, పోయిన తల్లి పేరు మీద కారు కొన్నవాళ్లు. వాళ్ల మొహాలు గుర్తొస్తే ఇప్పటికీ వాంతి వస్తుంది. క్లైవ్ వాళ్ల లాంటివాడు కాదు. ఉన్నది లేదని రాయడం లేదు, ఉన్నదాన్ని లేకుండా చేసి అప్పుడు లేదని రాస్తున్నాడు. చట్టం ప్రకారం అది శుభ్రమైన పని. ఆ ప్రశ్నలు కూడా మంచివే. వాటికి నిజం చెప్పు చాలు.

గోడ గోడే కదే. ఇల్లయితే ఒకటేగా! రాత్రికి ఒకే మంచం మీద పడుకునేవాళ్లకి ఇటుకలతో ఏం పని?

ఇక్కడ గాలి ఆగడం లేదు. కొత్త వినికిడి యంత్రంలో పక్షుల అరుపులు తప్ప ఇంకేమీ వినబడవు.

హేజెల్


గూల్
9 జులై 2023

అక్కా,

గోడ లేచింది. సున్నం కూడా వేశారు. నావైపు ఆ సున్నం ఇంకా ఆరలేదు, చెయ్యి పెడితే తడి తగులుతుంది. చీదరగా ఉంటుంది. పూల బకెట్లు దానికి ఆనించి పెట్టాను, కనబడకుండా.

మా వైభోగం విను. ఇప్పుడు మాకు రెండు కెటిళ్లు, రెండు చెత్తడబ్బాలు, రెండు ఫోన్లు. క్లైవ్‌కి కత్తెర కావాలంటే వీధిలోకి వచ్చి, నా ముందు తలుపు గంట మోగించి, కొనుక్కోవడానికి వచ్చినవాడిలా నిలబడాలి. మొన్న అలాగే నిలబడ్డాడు. నేను అరువివ్వడం నిషిద్ధం. "వీధి చివర ఇనుప సామాన్లవాడు అమ్ముతాడు, వెళ్లు" అన్నాను. వెళ్లాడు! మొహంలో సిగ్గు ఛాయ కూడా లేదు. బుద్ధిగా కొనుక్కుని, రసీదు జేబులో పెట్టుకుని వెళ్లాడు.

డోరీన్ సంగతి చెప్పలేదు కదూ. పంతొమ్మిదేళ్లుగా రెండు కొట్ల ఫోనూ తనే ఎత్తేది. పెళ్లి పూలు అడిగినవాళ్లకి ఒక గొంతు, చావు కబురు చెప్పినవాళ్లకి ఇంకో గొంతు. నాలుగో ప్రశ్న పనివాళ్ల గురించి. ఇద్దరికీ ఒకే మనిషి పనిచెయ్యకూడదు. ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు క్లైవ్.

"ఎంచుకోడానికి నాకేమన్నా ఇద్దరు మొగుళ్లా?" అంది డోరీన్. "సగం పనికి సగం జీతం ఇస్తావు, సగం అద్దె కడితే మా ఇంటాయన ఊరుకుంటాడా?" కోటు వేసుకుని, తన కప్పు తను కడుక్కుని, హల్‌లో కూతురు దగ్గరికి వెళ్లిపోయింది. ఒక పువ్వు కూడా తీసుకోలేదు, ఇస్తే.

ఇప్పుడు ఎవరైనా పోతే వాళ్ల ఇంటివాళ్లకి క్లైవ్ ఒక చీటీ ఇస్తున్నాడు. దానిమీద మూడు పూలకొట్ల పేర్లు, అక్షరక్రమంలో. నాది రెండోది. పక్క గదిలో ఉన్న పెళ్లాం పేరు వేలితో చూపించడం కూడా మానేశాడు.

ఇవన్నీ సర్దుకుపోయేదాన్నేమో. రాత్రి భోజనం దగ్గర మాత్రం నా వల్ల కావడం లేదు. నీకు తెలియనిది కాదు, మాకు పిల్లలు లేరు. మేమిద్దరం మాట్లాడుకోడానికి ఉన్నది చచ్చిపోయినవాళ్లే. ఎవరి తమ్ముడు శవం దగ్గర ఉంగరం కోసం పోట్లాడాడు, ఏ ముసలావిడ మొగుడికి ఇష్టమని కోటు జేబులో చుట్టలు పెట్టమంది... ముప్ఫై ఏళ్లు అదే మా కాపురం. ఇప్పుడు 'వ్యాపార విషయాలు చర్చించుకోవద్దు' అన్నాడట ఆడిటరు. క్లైవ్ బఠాణీలు ఒక్కొక్కటీ ఫోర్కుతో గుచ్చుకుంటూ తింటాడు. వాతావరణం గురించి మాట్లాడతాడు. ఛీ! నాకు పళ్లెం విసిరికొట్టాలనిపిస్తుంది.

గేనర్


విట్బీ
20 జులై 2023

గేనర్‌కి,

పళ్లెం విసరకు. మళ్లీ కొనాలి.

పికర్స్‌గిల్ హద్దు మీరాడు. మొగుడూ పెళ్లాలు అన్నం దగ్గర ఏం మాట్లాడుకున్నారని ఏ పన్ను అధికారీ అడగడు. ఆ పదకొండింటిలో భోజనం మాట ఎక్కడా లేదు. అది వాడి సొంత పైత్యం. క్లైవ్‌తో ఆ మాట నేనన్నానని చెప్పు.

పన్ను తగ్గడమే కావాలంటే దానికి గోడలు అక్కర్లేదు. కంపెనీ నుంచే తన పింఛను ఖాతాలోకి డబ్బు వేసుకోమను. అది ఖర్చు కింద పోయి లాభం తగ్గుతుంది, డబ్బు వాడి ముసలితనానికి ఉంటుంది. అరవై ఒకటి నిండిన మనిషికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఇలాంటి సాదా దారి ఏ ఆడిటరూ ముందు చెప్పడు. దానికి పెద్ద బిల్లు వెయ్యలేడు మరి.

డోరీన్ విషయం బాధేసింది. నిజంగా.

ఈ వారం నాకు ఒంట్లో బాగాలేదు. ఎక్కువ రాయలేను.

హేజెల్


గూల్
2 అక్టోబరు 2023

అక్కా,

నువ్వు చెప్పిన పింఛను మాట క్లైవ్‌కి చెప్పాను. "గోడకి ఇప్పటికే ఖర్చు పెట్టేశాం కదా" అన్నాడు. అక్కడితో అది అయిపోయింది.

ఇవాళ రాస్తున్నది వేరే విషయం. దుఃఖంతో రాస్తున్నాననుకునేవు, కాదు. రోతతో.

పసిబిడ్డలు పోతే మా దగ్గర డబ్బు తీసుకోరు. మా మామగారి కాలం నుంచీ అంతే. క్లైవ్ ఆ చిన్న పెట్టెని బండి వెనక పెట్టడు. చేతుల్లో ఎత్తుకుని వీధి దాటి తీసుకెళ్తాడు. దాని మీద పూలు నావి. అరచెయ్యంత దండ ఒకటి, లోపల బిడ్డ గుప్పిట దగ్గర పెట్టడానికి మూడు చిట్టి తెల్ల గులాబీలు. ఇన్నేళ్లలో నలభై రెండు కట్టాను. ఎవరికీ చెప్పను, ఎక్కడా రాసుకోను. కానీ లెక్క నాకు తెలుసు.

పోయిన గురువారం పదింటికి నేను కొట్టు అద్దం తుడుస్తున్నాను. క్లైవ్ చిన్న పెట్టె ఎత్తుకుని నా కళ్ల ముందు నుంచి నడిచి వెళ్లాడు. ఒక బిడ్డ పోయిందని నాకు తెలియదు అక్కా. నాలుగు రోజులు బతికిందట. తల్లి పేరు కీలీ, ఇరవై రెండేళ్లుంటాయి. నా దగ్గరే స్కూలు డాన్సుకి చేతికి పూలు కట్టించుకుంది. ఇంట్లో మాట్లాడుకోవడం మానేశాం కదా. గోడ అవతల బిడ్డ మూడు రోజులుంది, ఇవతల నేను చామంతులు కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

పెట్టె మీద పూలున్నాయి. సూపర్‌మార్కెట్ పూలు. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉన్నాయి, దానిమీద పసుపు చీటీ. ధర తగ్గించినప్పుడు వేస్తారే, అది. నేను వీధిలోకి పరిగెత్తాను. కీలీ వాళ్లమ్మ క్లైవ్ పక్కన నడుస్తూ, బిడ్డ పెట్టె మీద ఆ చీటీని గోటితో గీకుతోంది. సగం ఊడింది, సగం ఊడలేదు. నన్ను చూసింది. మళ్లీ గీకడంలో పడింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వెనక్కి వచ్చి కొట్టు మూసేశాను.

సాయంత్రం క్లైవ్‌ని అడిగాను. వాడి జవాబు యథాతథంగా రాస్తున్నాను, నేను కల్పించానని నువ్వనుకోకూడదు.

"ఏడో ప్రశ్న చూడు గేనర్. 'ఒక కంపెనీ ఇంకో కంపెనీకి వస్తువు గానీ సేవ గానీ ఉచితంగా ఇస్తుందా?' నీ దగ్గర పూలు తీసుకుంటే ఊరికే ఇస్తావు. అది దొరికిపోతుంది."

"బిల్లు అడగొచ్చుగా నన్ను? రాసిచ్చేదాన్ని."

"పసిబిడ్డ పూలకి నిన్ను బిల్లు వెయ్యమనేంత పాపిష్టివాణ్ణా నేను?" అన్నాడు. నిజంగా నొచ్చుకున్నాడు! "అందుకే నీ దాకా రానివ్వలేదు. ఆ పొద్దున అక్కడ మంచివి లేవు, ఉన్నవి అవే. చీటీ నేను చూసుకోలేదు."

ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ మనిషి పక్కన పడుకున్నాను. ఆ నొచ్చుకున్న మొహం చూస్తే గిన్నె అడుగున పట్టిన జిడ్డుని చూసినట్టనిపించింది.

ఇంకొకటి అడగాలి. జులైలో నువ్వు 'ఆ పదకొండింటిలో భోజనం మాట ఎక్కడా లేదు' అని రాశావు. నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. ఆ కాగితం నీకు నేను పంపలేదు. నాలుగో ప్రశ్న తప్ప ఇంకేదీ రాయలేదు. నీకెలా తెలుసు?

గేనర్


విట్బీ
9 అక్టోబరు 2023

గేనర్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చించాను.

ఆ పదకొండు ప్రశ్నలు నావి. నేను రాసినవే. రిటైరయ్యాక చేతిలో పని లేదు, పింఛను చాలడం లేదు. పికర్స్‌గిల్ వాళ్ల ఆఫీసు అడిగితే రాసిచ్చాను. ప్రశ్నకి నలభై పౌన్లు. ఉద్యోగంలో ఉండగా ఎవరినైనా పట్టుకోవాలంటే ఏవి అడిగేదాన్నో, వాటినే వరసలో పెట్టి తప్పించుకోవాలనుకునేవాళ్లకి అమ్ముకున్నాను. ఏడోది రాసినప్పుడు గర్వపడ్డాను కూడా. అది చాలామందిని పట్టిస్తుంది. మొగుడూ పెళ్లాల మధ్య ఉచితంగా జరగనిది ఏముంటుంది గనక?

ఇక్కడితో ఆపేస్తే నువ్వు నన్ను క్షమించేస్తావు. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను. ఏప్రిల్‌లో పికర్స్‌గిల్ నాకు పేర్లు లేకుండా ఒక కేసు పంపాడు. 'చిన్న ఊరు. భర్తకి అంత్యక్రియల కంపెనీ, భార్యకి పూలకొట్టు, మధ్యలో తలుపు. ఏం చెయ్యమంటారు?' అని. ఇంగ్లండులో అలాంటి జంటలు ఎన్నో ఉండొచ్చు, నిజమే. కానీ నేను ఎవరని అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు. 'తలుపు మూసేస్తే మంచిది' అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి వేరే డబ్బు ఇచ్చారు.

మేలో నీ ఉత్తరం వచ్చినప్పుడే నీకు చెప్పాల్సింది. బదులుగా ప్రశ్నలు మంచివేనని రాశాను. గోడ గోడేనన్నాను. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు నా మీద నాకే కంపరం పుట్టింది. పుట్టినా పోస్టులో వేశాను.

ఆ పసుపు చీటీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు. కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో చెప్పే అర్హత నాకు లేదు. నువ్వు పెట్టకపోతే పదిహేడు వందలు కట్టి ఊరుకుంటాడు, అంతే. కొంప మునగదు.

ఏదైనా రాయి. తిట్టు రాసినా సరే.

హేజెల్


విట్బీ
18 డిసెంబరు 2023

గేనర్,

ఇది నాలుగోది. మూడింటికీ జవాబు లేదు. పోస్టు పోలేదని నాకు తెలుసు, మా పోస్టుమాన్ మంచివాడు.

పికర్స్‌గిల్‌కి ఇంక ఏమీ రాసివ్వనని చెప్పేశాను. దానివల్ల నీకేమీ ఒరగదు. అయినా చెబుతున్నాను.

పండక్కి కేకు పంపుతున్నాను. తినబుద్ధి కాకపోతే పక్షులకి వెయ్యి.

హేజెల్


గూల్
20 ఏప్రిల్ 2024

అక్కా,

కేకు తిన్నాను. ఎండిపోయింది. నీకు కేకులు చెయ్యడం ఎప్పుడూ రాదు.

ఆరు నెలలు నీకు రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. నీ అక్టోబరు ఉత్తరం చదివాక నీ మీద ఎంత అసహ్యం వేసిందో రాయడానికి మాటలు దొరకలేదు. దొరికాక రాయడానికి ఓపిక లేకపోయింది. కానీ ఒకటి ఒప్పుకోవాలి. చేసినదాన్ని చేశానని నువ్వు చెప్పావు. ఆలస్యంగానైనా, అడిగాకైనా. ఇక్కడ నాకు ఆ మాత్రం కూడా దొరకలేదు.

నీకు రాయని సంగతి ఒకటుంది. నవంబరు నుంచి కొట్టు మేడ మీద గదిలోనే పడుకుంటున్నాను. మొదట దగ్గు వంక పెట్టాను. క్లైవ్ ఆ వంక నమ్మినట్టు నటించాడు. ఆ తర్వాత ఇద్దరం వంకలు మానేశాం.

నవంబరులోనే కీలీ దగ్గరికి వెళ్లాను. పూలు పట్టుకుని వెళ్లలేదు, ఏ మొహం పెట్టుకుని పట్టుకెళ్తాను? ఆ పిల్ల తలుపు తీసి, "పూలు మీరు కడతారని అమ్మ అనుకుంది. మీకు మేమంటే ఇష్టం లేదేమో అనుకున్నాం" అంది. నాకు తెలియదన్నాను. "పక్కనే ఉంటారుగా?" అంది. దానికి నేనేం చెప్పను? గీత పాతిక వేలకి దిగుతుందమ్మా అని చెప్పనా?

ఊళ్లో అందరికీ తెలిసింది. అంత్యక్రియలకి స్టేషను రోడ్డులో ఇంకొకాయన ఉన్నాడు. అందరూ అటు వెళ్లడం మొదలెట్టారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. చలికాలం, ముసలివాళ్లు రాలిపోయే రోజులు. క్లైవ్ బండి మాత్రం కదల్లేదు. రోజూ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మార్చిలో ఆ కాగితం నా బల్ల మీద పెట్టాడు. 'ఈ రెండు కంపెనీలూ ఒకదానిమీద ఒకటి ఆధారపడి లేవని ధ్రువీకరిస్తున్నాను.' కింద గీత, గీత కింద నా పేరు. పెట్టనన్నాను. వారంలో మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ పెట్టనన్నాను. ఆ ఏడో ప్రశ్నకి 'లేదు' అని రాస్తే నేను కట్టిన నలభై రెండూ అబద్ధమైపోతాయనిపించింది. అది ఒక్కటీ నా దగ్గర మిగిలింది, వదలదల్చుకోలేదు.

మొన్న సోమవారం గంట మోగించుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సంతకం అక్కర్లేదు గేనర్. లెక్కలు తేలాయి. ఈ ఏడాది లాభం ఇరవై మూడు వేలే. పాతిక లోపే ఉన్నాం. మనల్ని కలిపి చూసినా, విడదీసి చూసినా పన్ను అంతే. పికర్స్‌గిల్ చెప్పాడు. గోడ కూడా అక్కర్లేదు. మేస్త్రీని పిలుస్తా, పడగొట్టించేద్దాం."

సగానికి సగం గిరాకీ పోయింది. ఆ మాట ఆ వాక్యాల్లో ఎక్కడా లేదు చూడు. మంచి వార్త చెప్పడానికి వచ్చాడు మరి.

"నలభై ఎనిమిది వచ్చి ఉంటే?" అన్నాను.

"వచ్చి ఉంటే ఈ బాధే లేదుగా. నువ్వు సంతకం పెట్టేదానివి, గోడ ఉండేది. అంతేగా?"

అంతే అన్నాడక్కా. ఆలోచించుకోలేదు కూడా. నేను ఏం వినాలని ఎదురుచూస్తున్నానో నాకే తెలియదు. ఇన్ని నెలలూ ఏదో ఒకటి అంటాడని ఎదురుచూస్తున్నానని మాత్రం అప్పుడు తెలిసింది. గోడ పడగొట్టొద్దన్నాను. సగం డబ్బు నా కొట్టు కూడా కట్టింది కదా, నా సగం అలాగే ఉండనిమ్మన్నాను.

జూన్‌లో తొమ్మిది పెళ్లిళ్లున్నాయి. డోరీన్ రానంది. గులాబీలకి ముళ్లు తియ్యాలి, బకెట్లు కడగాలి, దానికి చెవులు అక్కర్లేదు. నువ్వు రా. వచ్చేటప్పుడు నలుగురిలో వేసుకునే బట్టలు కూడా తెచ్చుకో, కీలీ వాళ్లింటికి నువ్వూ నేనూ కలిసి వెళ్లాలి. ఆ ప్రశ్నలు ఎవరు రాశారో ఆ పిల్లకి నువ్వే చెప్పాలి. అది నీ చేత చెప్పించకుండా నిన్ను క్షమించను. చెప్పాక కూడా క్షమిస్తానని మాటివ్వలేను. ఉండటానికి మేడ మీద చోటుంది.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. సోమవారం వాడు వెళ్లాక ఆ కాగితం బయటికి తీశాను. నీ పదకొండు ప్రశ్నలూ మొదటిసారి నిదానంగా చదివాను. ఒకే గిరాకీ పంచుకుంటారా? ఒకరి నిర్ణయం ఒకరు అడుగుతారా? ఒకరు లేకపోతే ఇంకొకరికి నష్టమా? ఒక్కోదానికీ ఎదురుగా 'లేదు' అని రాసుకుంటూ పోయాను. ఏడో దాని దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చివరికి దానికీ అదే రాశాను. కింద సంతకం పెట్టి, నిన్న క్లైవ్ మళ్లీ కొట్టుకి వచ్చినప్పుడు చేతికిచ్చాను.

అక్కడే నిలబడి చదువుకున్నాడు. "ఇదిప్పుడు అక్కర్లేదన్నానుగా. ఇన్నాళ్లూ పెట్టనిదానివి ఇప్పుడెందుకు పెట్టావ్?" అన్నాడు.

"ఇన్నాళ్లూ అది అబద్ధం, అందుకు" అన్నాను.

కాగితం మళ్లీ మొదటి నుంచీ చదవడం మొదలెట్టాడు. ఇంతలో ఎవరో పూలు కొనడానికి వచ్చారు. కాస్త పక్కకి జరగమన్నాను.

గేనర్